సొట్టల మేస్త్రి ఎడమచెయ్యి

రెండువేల పదకొండవ సంవత్సరం, నవంబరు నెల పంతొమ్మిదవ తేదీ, శనివారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున మొదలైన తుంపర అప్పటికి సన్నగిల్లిందే గాని, ఆకాశం ఇంకా బూడిదరంగులోనే ఉన్నది. కోటీశ్వరులు మాత్రమే కొనగల కార్లు తయారుచేసే ఒక కర్మాగారపు రెండవ ద్వారం ముందు, తడిసిన గొడుగు దులుపుకొంటూ సొట్టల మేస్త్రి నిలబడ్డాడు. మధ్యాహ్నం లోపల తాను ఎవరిని ఎదుర్కోబోతున్నాడో అతనికి తెలియదు. లోపలున్న ఆ మనిషికీ తెలియదు. ఇద్దరినీ ఒకే అచ్చులో పోశారని మాత్రం, ఆ పూటే మేస్త్రి భార్య తేల్చి చెప్పింది.

సొట్టల మేస్త్రి అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వీధి పెట్టిన పేరు. ముప్పైమూడేళ్లుగా ఒక రేకుల షెడ్డులో, గుద్దుకొన్న కార్లకు సొట్టలు తీయడం అతని వృత్తి. లోపలినుండి ఇనుపదిమ్మ ఆనించి, వెలుపలినుండి సుత్తితో కొట్టి, వంగిన రేకును మళ్లీ పుట్టినరోజునాటి రూపానికి తెచ్చేవాడు. కొట్టడం కుడిచేతి పని. కొట్టిన తరువాత, పల్చని నూలుగుడ్డ ఒకటి రేకుమీద పరచి, దానిపై ఎడమ అరచెయ్యి మెల్లగా జరిపి ఎత్తుపల్లాలు తెలుసుకొనేవాడు. "సుత్తి పట్టిన చెయ్యి మొద్దుబారుతుంది. దాన్ని అడిగితే అన్నీ బాగున్నాయనే చెబుతుంది. పని చేసినవాడి సాక్ష్యం ఎవడైనా నమ్ముతాడా? ఎడమచేతిని అడగాలి," అనేవాడు.

అనుమానం అతనికి పుట్టుకతో వచ్చిందో, వృత్తితో వచ్చిందో చెప్పడం కష్టం. షెడ్డుకు వచ్చే ప్రతి బండీ ఏదో ఒక అబద్ధాన్ని వెంటబెట్టుకొనే వచ్చేది. గోడకు కొంచెం రాసుకొన్నదంటే స్తంభాన్ని గుద్దినదని అర్థం. ఒక్క చేతి బండి అంటే నాలుగు చేతులు మారినదని అర్థం. అటువంటి బండ్ల మధ్య ముప్పైమూడేళ్లు గడిపినవానికి, పాలు పల్చగా ఉంటే నీళ్లు కలిపారనీ, చిక్కగా ఉంటే పిండి కలిపారనీ తోచడంలో ఆశ్చర్యమేమున్నది?

భార్య ఊరుకొనే మనిషి కాదు. "కొత్త గిన్నె తెస్తే తిరగేసి తట్టి చూస్తావు. కొత్త చెప్పులు తెస్తే విల్లులా వంచి చూస్తావు. కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను కూడా తట్టే చూశావేమో, నాకు గుర్తులేదు," అనేది.

"తట్టే పని లేకపోయింది. వచ్చినరోజునుంచీ నువ్వే మోగుతున్నావు," అనేవాడు మేస్త్రి.

వారికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి వదలగానే షెడ్డుకు వచ్చి, బల్లమీద కూర్చుని లెక్కలు చేసుకొంటూ, మధ్యమధ్య తండ్రి తీసిన రేకుమీద తానుకూడా ఎడమచెయ్యి జరిపేది. పదకొండవ ఏట ఒకనాడు, తండ్రి సరిచేసి ముగించిన పైకప్పును తడిమి, "నాన్నా, ఇక్కడ నీళ్లు నిలుస్తాయి," అన్నది. మేస్త్రి నమ్మలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు. అరచేయంత మేర నీళ్లు అద్దంలా నిలిచాయి. అతడు మళ్లీ సుత్తి అందుకొన్నాడు.

ఆ కూతురే ఇప్పుడు ఈ కర్మాగారంలో, తయారైన బండ్లను కడసారి తనిఖీచేసే విభాగంలో ఒక సంవత్సరంగా పని నేర్చుకొంటున్నది. నేర్చుకొనేవారు పదిహేనుగురు, నిలుపుకొనేది తొమ్మిదిమందినే. ఆనాటి మధ్యాహ్నం రెండు గంటలకు పరీక్ష. గట్టెక్కినవారికి ఉద్యోగం ఖాయం. తక్కినవారు నెలాఖరుకు సంచి సర్దుకోవలసినదే. ఈ సంవత్సరమంతా ఆమె నాలుగున్నరకు లేచి, రెండు బస్సులు మారి వచ్చింది. అటువంటి రోజున యాజమాన్యంవారు, పరీక్షకు కూర్చొనే ప్రతివారి ఇంటినుండీ ఇద్దరిని పిలిచి, పూర్వాహ్నమంతా కర్మాగారం చూపించే ఏర్పాటు చేశారు.

ముందునాడు కూతురు తండ్రికి చేతులు జోడించింది. "నాన్నా, నీకు పుణ్యముంటుంది. ఏదీ ముట్టుకోకు, ఎవర్నీ ఏమీ అడగకు. చూడు, టీ తాగు, ఇంటికొచ్చెయ్."

"ఊరికే పిలిచి టీ పోసేవాడు లోకంలో ఉన్నాడా? ఏదో ఉంది అమ్మడూ."

"ఏమీ లేదు నాన్నా."

"ఏమీ లేదంటేనే ఏదో ఉంది."

ద్వారం వద్ద కావలివాడు వచ్చినవారి గడియారాలు, తాళపుచెవులు, నడికట్టులు తీసి ఒక్కొక్కరి పేర ఒక్కొక్క సంచిలో వేయిస్తున్నాడు. మేస్త్రి చొక్కాజేబునుండి ఒక చిన్న అయస్కాంతం బయటపడింది. రేకుకు అంటుకొంటే అసలు రేకు. అంటుకోకపోతే ఆ చోట సొట్టను పుట్టీతో పూడ్చి రంగు వేశారని తెలుసుకొనడానికి అతడు దానిని ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకొనేవాడు.

"ఇది కూడా ఇవ్వాలా?"

"లోహం ఏదైనా ఇవ్వాలండి. బండ్లకు గీతలు పడతాయి."

మేస్త్రి, పక్కనున్న భార్య చెవిలో గొణిగాడు. "అయస్కాంతం లాక్కున్నారంటే, లోపల అయస్కాంతం అంటనిది ఏదో ఉన్నట్టే."

"నీ నోరు కూడా సంచిలో వేయించుకుంటే బాగుండేది," అన్నది ఆమె.

నీలిరంగు కోటు తొడుక్కొని కూతురు లోపల ఎదురువచ్చింది. దారి చూపడానికి నియమితురాలైన ఒక యువతి ముందు నడిచింది. వెనుక ముప్పైమంది బంధువులు నడిచారు. చదునైన రేకును ఒక్క పెట్టున తలుపుగా మలిచే యంత్రాన్ని చూశారు. నిప్పురవ్వలు చిమ్ముతూ అతుకులు వేసే ఇనుపచేతులను చూశారు. అద్దాల వెనుక మంచులాగ రంగు కురిసే గదిని చూశారు. అందరూ అబ్బురపడుతుంటే మేస్త్రి మాత్రం వంగి నేలను చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావు నాన్నా?"

"నూనెచుక్క. ఒక్కటీ లేదు. పని జరిగే చోటు ఇలా ఉంటుందా? నిన్న రాత్రే కడిగారు, మనకోసం."

"రోజూ ఇలాగే ఉంటుంది."

"నువ్వు వాళ్ల కోటు తొడుక్కున్నావు కాబట్టి వాళ్ల మాటే చెబుతావు."

తోలు కుట్టే గదిలో ఒక పెద్దావిడ స్టీరింగు చక్రానికి తోలు తొడిగి, రెండు సూదులతో కుడుతున్నది. దారి చూపే యువతి, ఇక్కడ ప్రతి కుట్టూ చేతితోనే పడుతుందని వివరిస్తుండగా మేస్త్రి దగ్గరకు పోయి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పమ్మా. రోజూ ఇదే పనా, ఈ పూటకు కూర్చోబెట్టారా?"

ఆమె తలయెత్తలేదు. "రోజూ ఇదే పని బాబూ. ఈ పూట చూసేవాళ్లు అదనం, అంతే."

మేస్త్రి ఆమె బొటనవ్రేలిని చూశాడు. సూది నొక్కి నొక్కి గోరుకింద చర్మం కొమ్ములాగ గట్టిపడి ఉన్నది. అతడు తల ఊపి వెనుకకు వచ్చాడు. ఆ ఉదయం అతడు నమ్మిన మొదటి వస్తువు ఆ బొటనవ్రేలు.

చివరిది తనిఖీశాల. పొడవైన గదిలో తెల్లని ట్యూబులైట్ల వరుస కింద ఏడు బండ్లు బారుగా నిలిచి ఉన్నాయి. కథ అడ్డం తిరిగినది ఇక్కడనే గనుక, ఆ ఏడింటి సంగతి ముందుగా చెప్పుకోవాలి.

ఈ విభాగపు పెద్దను పనివాళ్లు చాటున భూతద్దమని పిలిచేవారు. సన్నని మనిషి, జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. పరీక్షకోసం ఆయన ప్రతి యేటా ఒక బండిలో కావాలని కొన్ని లోపాలు చేయించి, కనిపించకుండ కప్పించేవాడు. ఆ యేడు ఏడు లోపాలు. వాటిలో కష్టమైనది వెనుక ఎడమతలుపులోనిది: రేకుకు చిన్న సొట్ట వేయించి, పుట్టీ నింపించి, రంగుగదిలోని మేటి పనివాళ్లచేత పదిహేనురోజులు మెరుగు పెట్టించాడు. రహస్యం పొక్కుతుందన్న భయంతో పరీక్షబండిని వేరే గదిలో దాచక, మామూలు బండ్ల వరుసలో మూడవదిగా నిలిపాడు. వేరుగా దాస్తే దాచినట్టు తెలిసిపోతుందన్నది ఆయన తర్కం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దారి చూపే యువతికి సైతం చెప్పలేదు.

పాపం, ఆ యువతి అతిథులకు తెల్లని నూలు గ్లౌజులు పంచింది. "ఇంతసేపూ ముట్టుకోవద్దన్నాను కదా. ఇక్కడ మాత్రం ముట్టుకోవచ్చు. ఈ నునుపు మరెక్కడా దొరకదు," అని చేతికి దగ్గరగా ఉన్న మూడవ బండిని చూపింది.

కూతురు తండ్రివైపు చూసింది. మేస్త్రి అప్పటికే గ్లౌజు ఎడమచేతికి తొడిగాడు. అరచెయ్యి వెనుక ఎడమతలుపుమీద మెల్లగా జరిగింది, పిడికిలంత దూరం పోయి ఆగింది, వెనుకకు వచ్చింది, మళ్లీ ఆగింది. అతడు మధ్యవ్రేలి కణుపుతో తలుపు అంచున తట్టాడు. ఖంగుమన్నది. కింద తట్టాడు. బొద్దుగా, తడిసిన చెక్కలాగ పలికింది.

"అమ్మాయ్, ఈ తలుపు ఎక్కడ గుద్దుకుంది?"

యువతి నవ్వింది. "ఇది కొత్త బండి సార్. ఇంకా రోడ్డే ఎక్కలేదు."

"రోడ్డు ఎక్కకముందే దెబ్బతింది. పుట్టీ పెట్టి పూడ్చారు." ఇన్నాళ్లకు అనుమానం ఫలించినందుకు అతని కంఠం ఖంగుమన్న తలుపుకంటె గట్టిగా మోగింది. "పైన పటారం, లోన లొటారం! కోట్లు పోసి కొనేవాడికి పుట్టీ తలుపు అంటగడతారా?"

ముప్పైమంది ఒక్కసారిగా మూగారు. ఎవరో నవ్వారు. కూతురు ముఖం సున్నం కొట్టిన గోడవలె తెల్లబడింది.

భూతద్దం పరుగున వచ్చాడు. తలుపును చూశాడు, మేస్త్రిని చూశాడు. "ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పాలి? నా చెయ్యి చెప్పింది."

"మా రంగుగది వాళ్లు పదిహేను రోజులు కష్టపడి దాచిన లోపం ఇది. మా మిషనుకే అందలేదు. మీరు గ్లౌజు తొడుక్కుని ఒక్క నిమిషంలో పట్టేశారా?"

"మీ మిషను నన్నడిగితే నేర్పేవాణ్ణి."

"మీ అమ్మాయి ఎవరు?"

కూతురు ఒక అడుగు ముందుకు వచ్చింది. భూతద్దం కళ్లు చిన్నవయ్యాయి. "ఇప్పుడర్థమైంది. రంగుగదిలో ఎవరో నీకు చెప్పారు. నువ్వు ఇంట్లో చెప్పావు. మీ నాన్నగారు నోరు ఆపుకోలేకపోయారు."

"లేదు సార్! ఇది పరీక్షబండి అని కూడా నాకు తెలీదు."

"మధ్యాహ్నం పరీక్షకు నీ పేరు లేదు. మిగతావాళ్లకు ఈ తలుపు వదిలేసి ఆరు తప్పులే అడుగుతాను. నువ్వు వెళ్లవచ్చు."

అప్పుడు గాని మేస్త్రికి తాను చేసినదేమిటో తెలియలేదు. బయటపెట్టినది కర్మాగారపు మోసమనుకొన్నాడు. బయటపడినది కూతురి పరీక్షప్రశ్న. చేతితో తీయవలసిన సొట్టలు జీవితంలో ఎన్నో చూశాడు గాని, నోటితో వేసిన సొట్ట ఇదే మొదటిది.

"అయ్యా, ఆమెకేమీ తెలీదు. నేను సొట్టలు తీసేవాణ్ణి. ఇంకో బండి చూపించండి, చేసి చూపిస్తాను."

"ఉద్యోగం మీకు కాదుగా."

కూతురు తండ్రికి అడ్డంగా వచ్చి నిలిచింది. "అయితే నాకు చూపించండి సార్. ఏ బండైనా సరే, మీరొక్కరే వెళ్లి మీరే తీసుకురండి. ఎవరికీ తెలియని బండి గురించి నాకెవరు చెబుతారు?"

అనుమానపు మనిషికి అటువంటి మాట రుచిస్తుంది. భూతద్దం గొడుగు కూడ పట్టక వెనుకనున్న ఆవరణలోకి పోయి, నల్లని బండి ఒకటి తానే నడుపుకొంటూ వచ్చి, తడి తుడిపించి, అద్దపు గోడలున్న పరీక్షగదిలో నిలిపాడు. "నలభై నిమిషాలు. కనిపించినవన్నీ కాగితంమీద రాయి," అని కూతురితో అన్నాడు. తరువాత మేస్త్రివైపు తిరిగాడు. "మీరు అద్దానికి ఇవతలే ఉండాలి. చేతులు జేబులో పెట్టుకోండి. ఒక్క మాటగాని, దగ్గుగాని, సైగగాని వచ్చిందా, పరీక్ష అక్కడితో సరి."

మేస్త్రి రెండు చేతులూ జేబుల్లో కూరుకొన్నాడు.

కూతురు కుడిచేతి గ్లౌజు తీసి బల్లమీద పెట్టింది. ఎడమచేతితో ముందుభాగంనుండి మొదలుపెట్టింది. దీపాల ప్రతిబింబాలు నల్లని రేకుమీద తెల్లని గీతలై సాగుతున్నాయి. ఎక్కడైనా రేకు పల్లమైతే ఆ గీత వంగుతుంది. అది మేస్త్రి ఆమెకు బల్లమీద కూర్చోబెట్టి నేర్పిన మొదటి పాఠం. ఆమె వంగి చూసేది, తడిమేది, ఒక అడుగు జరిగేది.

పదునెనిమిదవ నిమిషాన మేస్త్రి కంటికి ఒక వంకర తగిలింది. వెనుక చక్రానికి పైభాగంలో దీపపు గీత వంగి ఉన్నది. స్పష్టంగా, పాము మెలికలాగ వంగి ఉన్నది. కూతురు ఆ చోటికి వచ్చింది. చెయ్యి ఒకసారి జరిపింది. మరొకసారి జరిపింది. ఏమీ వ్రాయక ముందుకు సాగింది.

"ఏమయ్యా, తేలు కుట్టినట్టు అలా అయిపోయావేం?" అన్నది భార్య, తగ్గు స్వరంతో.

మేస్త్రి ఆమెవైపు చూడను కూడ చూడలేదు. చూస్తే అది సైగ అంటారేమో. వాళ్లు కావాలనే తప్పున్న బండి తెచ్చారు. అమ్మడు దాన్ని వదిలేసింది. చెబితే పరీక్ష పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒక్క దగ్గు చాలు, ఆమె వెనుదిరిగి చూస్తుంది. దగ్గు గొంతుదాకా వచ్చింది. జేబులో ఎడమచెయ్యి పిడికిలి బిగుసుకొన్నది.

తన కళ్లు ఒకటి చెబుతున్నాయి. ఆమె చెయ్యి మరొకటి చెప్పింది, రెండుసార్లు. చెంబెడు నీళ్లు పైకప్పుమీద నిలిచిన ఆనాడు కూడ అతని కళ్లు బాగున్నదనే చెప్పాయి. ముప్పైమూడేళ్లలో అతడు అనుమానించనిది ఒక్కటీ లేదు. ఆ నిమిషాన మొట్టమొదటిసారిగా తన కళ్లనే అనుమానించాడు. దగ్గును మ్రింగాడు. కళ్లవెంట నీరు కారింది.

ముప్పైయారవ నిమిషాన కూతురు కాగితంమీద ఒక్క వాక్యం వ్రాసి కలం మూసింది. అద్దపు తలుపు తెరిచే ఉండడంవలన మాటలు వినబడుతున్నాయి.

"అప్పుడే అయిందా? ఇంకా నాలుగు నిమిషాలున్నాయి," అన్నాడు భూతద్దం.

"అయింది సార్. ఇందులో ఏమీ లేదు."

"ఇంత బండిలో ఒక్కటీ లేదా? మళ్లీ ఒకసారి చూడు. పోనీ, అనుమానమున్నది ఏదో ఒకటి రాయి. నాకు తప్పు లేని బండి ఎందుకు తేవాలనిపిస్తుంది చెప్పు?"

"అది మీకు తెలియాలి సార్. లేనిదాన్ని ఎలా రాయను?"

భూతద్దం కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "రావచ్చు," అని బయటివారికి సైగ చేశాడు. మేస్త్రి అందరికంటె ముందు లోపలికి దూకాడు. వెనుక చక్రం పైభాగానికి ముఖం ఆనించి చూశాడు. దీపపు గీత దారం లాగినట్టు తిన్నగా ఉన్నది. మళ్లీ అద్దం వెలుపలికి వచ్చి చూశాడు. వంకర! లోపలికి పోయాడు. తిన్నగా ఉన్నది. మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, భూతద్దం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, బండిలో సొట్ట లేదు. మీ అద్దంలో ఉంది."

భూతద్దం వెలుపలికి వచ్చి, మేస్త్రి నిలిచిన చోటనే నిలిచి, వంగి చూశాడు. తల ఎడమకు జరిపాడు, కుడికి జరిపాడు. ఆ గాజుపలక బిగించినది ఆయనే దగ్గరుండి. "పదకొండేళ్లయింది," అన్నాడు చివరకు. "ఇక్కణ్ణుంచి చూసి ఎన్ని బండ్లు వెనక్కి పంపానో."

"మరి అమ్మాయి సంగతి?" అన్నది మేస్త్రి భార్య.

"ఆ బండి నిన్న నేనూ మరో ఇద్దరూ చూసి ముద్ర వేసినదమ్మా. ఏ లోపమూ లేదు. అందుకే తెచ్చాను. నన్ను మోసం చేసే పిల్ల అయితే భయపడి ఏదో ఒకటి రాస్తుందనుకున్నాను. పదిమందిలో తొమ్మిదిమంది రాస్తారు." ఆయన కూతురివైపు తిరిగాడు. "రెండు గంటలకు అందరితో వచ్చి కూర్చో. ఆరు తప్పులు."

మేస్త్రి నోరు తెరవబోయాడు. భార్య అతని చెయ్యి గట్టిగా నొక్కింది. "వద్దు. ఆయన నీకు అన్నలా ఉన్నాడు. ఇద్దర్నీ ఒక గదిలో పెడితే ఒకర్నొకరు తట్టుకుంటూ కూర్చుంటారు."

వెళ్లేటప్పుడు ద్వారం వద్ద కావలివాడు సంచి తిరిగి ఇచ్చాడు. మేస్త్రి అయస్కాంతం అందుకొని, అది తనదేనా కాదా అని, ఆ ద్వారపు ఇనుపతలుపుకే అంటించి చూసుకొన్నాడు. అంటుకొన్నది. అప్పుడు ఇంటిదారి పట్టాడు.

ఇక తరువాతి సంగతులు. ఆనాటి పరీక్షలో కూతురు ఆరు లోపాలలో ఐదింటిని పట్టి, నాలుగవ స్థానంలో నిలిచి, డిసెంబరు ఒకటవ తేదీన ఉద్యోగంలో చేరింది. నేటికీ ఆ విభాగంలోనే ఉన్నది. పరీక్షగది అద్దాన్ని మరుసటి బుధవారం మార్చారు. రంగుగది వారిపై విచారణ రెండు వారాలు సాగి, ఏమీ తేలక ముగిసింది. భూతద్దం రెండువేల పదహారులో పదవీవిరమణ చేశాడు. ఆ నడుమ మూడుసార్లు సొంతకారు సొట్టలతో మేస్త్రి షెడ్డుకు వచ్చాడు. మూడుసార్లూ గోడకు కొంచెం రాసుకొన్నదనే చెప్పాడు. మేస్త్రి ఒక్కసారీ నమ్మలేదు. రెండువేల పంతొమ్మిదిలో ఎడమచెయ్యి వణకనారంభించడంతో మేస్త్రి పని మానుకొన్నాడు. షెడ్డు స్థలంలో ఇప్పుడు టైర్ల దుకాణం ఉన్నది. దంపతులిద్దరూ కూతురి ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకుంటున్నారు. పాలు చిక్కగా ఉన్నాయా పల్చగా ఉన్నాయా అన్న వాదన ఆ ఇంట్లో ప్రతి ఉదయమూ జరుగుతూనే ఉన్నది.